నౌపడ దారిలో గింజల నూనెలు

హౌరా నుండి చెన్నై వెళ్ళే రైలు మార్గంలో పలాస దాటి, పూండి దాటి విశాఖపట్నం వైపు వస్తుంటే నౌపడ జంక్షను వస్తుంది. పేరుకు జంక్షనే గాని పెద్ద రైళ్ళు చాలా మట్టుకు ఇక్కడ నిలువవు. పాసింజరు బండ్లలో తిరిగేవారికే ఈ స్టేషను బాగా తెలుసు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలములోని ఈ ఊరికి రెండు సంగతుల వలన పేరు వచ్చింది. ఒకటి ఉప్పు. రెండవది ఇక్కడ నుండి కొండల వైపు చీలిపోయే గుణుపురం లైను.

పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను మీద 1900లో చిన్న రైలు నడిచింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1931 నాటికి అది గుణుపురం చేరింది. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది, రైలు మాత్రము రెండు రాష్ట్రాల మధ్య ఎప్పటిలాగే తిరుగుతూ వచ్చింది. 2004లో చిన్న బండిని ఆపివేశారు. పెద్ద లైనుగా మార్చి 2011లో మళ్ళీ గుణుపురం వరకు నడిపారు. పాత బండి ఎక్కిన పెద్దలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వారిని కదిలిస్తే చాలు, పూట గడిచిపోతుంది.

మేము నౌపడ వెళ్ళింది రైలు కోసము కాదు. పూండి దగ్గరి ఒక గ్రామము నుండి వచ్చిన ఉత్తరము మమ్మును అక్కడికి నడిపించింది. వ్రాసిన అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగము చేస్తున్నది. తల్లి పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళుతుంది. పిక్కల నూనె తగిలి ఆమె అరచేతులు నల్లబడి, వేళ్ళ సందులు పగిలి ఉన్నాయట. ఈ అమ్మాయి ఒక దుకాణంలో పైన్ గింజల నూనె అని వ్రాసి ఉన్న చిన్న సీసా కొన్నది. చర్మము బాగుపడుతుంది, కూరలో వేసుకుంటే ఆరోగ్యము, బరువు కూడా తగ్గుతారు అని దుకాణము వారు చెప్పారట. సీసా ఖరీదు తల్లి నాలుగు రోజుల కూలి. "ఇది రాయవచ్చునా, తినవచ్చునా, అసలు మన దగ్గర ఇటువంటిది లేదా?" అని ఆ బిడ్డ అడిగింది. చివరి ప్రశ్న మాకు బాగా పట్టుకున్నది. కాబట్టి, ప్రియ పాఠకులారా, నౌపడలో దిగి కొండ వైపు కొంత, సముద్రము వైపు కొంత తిరిగి, ఏ గింజ నూనెను ఎవరు ఎందుకు వాడుతున్నారో చూసి వచ్చాము.

మొదట ఉప్పు మడులు. స్టేషను నుండి సముద్రము వైపు వెళితే చదునైన నేల మీద గళ్ళు గళ్ళుగా మడులు, గట్ల మీద తెల్లని కుప్పలు. తెల్లదొరల కాలంలో ఉప్పు సర్కారువారి గుత్త సొత్తుగా ఉన్నప్పుడే నౌపడ కొఠార్లకు పేరు. ఎండ ముదిరిన నెలల్లోనే పని జోరుగా సాగుతుంది. నీరు ఎండి గడ్డ కట్టగానే పలకతో లాగి గట్టుకు చేరుస్తారు. పని చేసేవారి కాళ్ళు గంటల తరబడి ఆ ఉప్పునీటిలోనే ఉంటాయి. సముద్రపు నీటికంటె ఎన్నో రెట్లు ముదిరిన నీరది. చర్మంలోని తడిని లాగివేస్తుంది. మడమలు బీటలు వారుతాయి, ఆ బీటల్లోకి మళ్ళీ ఉప్పు దిగుతుంది. మంట ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయనను మీరేమి రాస్తారని అడిగాము. "ఏటి రాత్తాం బాబూ, కొబ్బరి నూనుంటే కొబ్బరి నూని, లేకపోతే ఇప్ప నూని. దిగీ ముందోసారి, ఎక్కాక కడుక్కుని ఓసారి" అన్నాడు. దిగే ముందు రాయడములోనే తెలివి ఉన్నది. నూనె పొర నీటిని చర్మము మీద నిలువనీయదు, లోపలి తడిని బయటకు పోనీయదు. పగిలిన తరువాత పూయడం కంటె పగలకముందు పూయడం మేలని చర్మ వైద్యులు చెప్పేది కూడా ఇదే. ఆయన ఏ పుస్తకమూ చదువలేదు.

నౌపడకు దగ్గరలోనే తేలినీలాపురము ఉన్నది. చింత చెట్ల మీద, తుమ్మల మీద గూళ్ళు కట్టే గూడబాతులకు, ఎర్రకాళ్ళ కొంగలకు ఆ ఊరు పేరు పొందింది. ఇవి సైబీరియా నుండి వస్తాయని ఊరివారు గట్టిగా చెబుతారు. పక్షి శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు, ఇవి మన దేశంలోనే ఒక చోట నుండి ఒక చోటికి తిరిగేవని అంటారు. ఆ వాదన మనకెందుకు గాని, సైబీరియా పేరు విన్నప్పుడు మాకు ఆ సీసా గుర్తుకు వచ్చింది. పైన్ గింజల నూనెలో ఎక్కువ భాగము నిజముగా ఆ చలి దేశము నుండి వచ్చేదే.

పైన్ అంటే సరళ వృక్షము. అరకు వైపు విహారానికి వెళ్ళినవారు నిటారుగా పెరిగిన ఈ చెట్ల తోపులు చూసి ఉంటారు. అక్కడ నాటిన జాతుల గింజలు చాలా చిన్నవి, తినడానికి పనికిరావు. ప్రపంచంలో వందకు పైగా పైన్ జాతులున్నా, ఏరుకుని తినదగిన గింజలు ఇచ్చేవి ఇరవై పై చిలుకు మాత్రమే. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌరు కొండల మీద పండే చిల్గోజా వాటిలో ఒకటి. కాయ పొలుసుల మధ్య ఇరుక్కున్న గింజలను కొండవాలు మీద చెట్టెక్కి దించి, ఎండబెట్టి, ఒక్కొక్కటే తీస్తారు. అందుకే జీడిపప్పు కంటె అది ఎంతో ప్రియము. సైబీరియాలోను, కొరియాలోను వేరే జాతులున్నాయి. అక్కడివారు గింజలను తింటారు, పిండి నూనె తీస్తారు.

ఆ నూనె మంచిదే. అందులో సగానికి దగ్గరగా లినోలియిక్ ఆమ్లము ఉంటుంది. మన శరీరము తనంతట తాను తయారు చేసుకోలేని కొవ్వు అది, చర్మపు పై పొర గట్టిగా ఉండటానికి అవసరము. పినోలెనిక్ ఆమ్లమనే మరొకటి పైన్ గింజల్లోనే విశేషముగా ఉంటుంది. బరువు తగ్గుతారన్న మాటకు ఆధారము ఇదే. 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో బరువెక్కువైన 18 మంది స్త్రీలకు కొరియా పైన్ గింజల నూనె నుండి చేసిన మందు గుళికలు ఇచ్చి చూశారు. కడుపు నిండిందని మెదడుకు తెలిపే హార్మోనులు కొన్ని గంటలపాటు పెరిగాయి. అంతవరకే. వారు బరువు తగ్గారని ఆ పరిశోధనలో లేదు. పద్దెనిమిది మందిలో కొన్ని గంటలు జరిగినదానిని పట్టుకుని సీసా మీద ఏమేమో వ్రాసి అమ్మేవారిని ఏమనాలి?

వంటకు వస్తే, ఈ నూనెను పొయ్యి మీద కాచరాదు. ఇటువంటి పలుచని గింజల నూనెలు వేడికి తొందరగా పొగ వచ్చి చెడిపోతాయి. పోపు పెట్టడానికి, గారెలు వేయడానికి పనికిరాదు. పచ్చిగా, దించిన తరువాత ఒక చెంచా వేసుకోవాలి. సీసా మూత తీసిన తరువాత గాలికి, వెలుతురుకు కొద్ది వారాల్లోనే కనరు వాసన వేస్తుంది. చల్లని చీకటి చోట ఉంచాలి. ఇంకొక సంగతి. కొన్ని రకాల పైన్ గింజలు తిన్న తరువాత ఒకటి రెండు రోజులకు నోరు చేదెక్కి, వారము పది రోజులు ఏది తిన్నా చేదుగానే ఉంటుంది. ప్రమాదము లేదు గాని తెలియనివారు భయపడతారు.

మరి మన దగ్గర ఇటువంటిది లేదా అని అడిగిన అమ్మాయికి జవాబు మన తెలుగు మాటలోనే ఉన్నది. నువ్వుల నూనెను మన పెద్దలు మంచినూనె అన్నారు. అందులో పది పాళ్ళలో నాలుగు పాళ్ళకు పైగా అదే లినోలియిక్ ఆమ్లము. పైన్ నూనె చర్మానికి చేసే మేలులో ముఖ్యమైనదంతా గానుగ నువ్వుల నూనె కూడా చేస్తుంది. పైగా అది పోపుకు నిలుస్తుంది, అంత తొందరగా చెడదు. శ్రీకాకుళము జిల్లాలో నువ్వులు పండించే రైతులు ఇప్పటికీ ఉన్నారు. ఖరీదు ఆ సీసా ఖరీదులో ఎన్నో వంతో పాఠకులే లెక్క వేసుకోవచ్చును.

ఒలీవ నూనె సంగతి కూడా ఇక్కడే చెప్పవలెను, మన పాఠక కుటుంబాల్లో దానిపై గౌరవము ఎక్కువ కనుక. వంటకు అది మంచి నూనె. చర్మానికి మాత్రము అన్ని వేళలా కాదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో పెద్దవారి ముంజేతులకు కొన్ని వారాలపాటు ఒలీవ నూనె రాసి చూస్తే చర్మపు పై పొర బలహీనపడింది, పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట అలా జరుగలేదు. ఒలీవలో ఓలియిక్ ఆమ్లము ఎక్కువ, లినోలియిక్ తక్కువ. గింజ ఏ దేశానిదని చూడటం కంటె అందులో ఏమున్నదని చూడటం ముఖ్యము.

నౌపడలో గుణుపురం బండి ఎక్కాము. టెక్కలి, తెంబూరు దాటి పాతపట్నము చేరేసరికి కొండలు దగ్గరకు వస్తాయి. ఇది సవరల సీమ. మెళియాపుట్టి, సీతంపేట వైపు వెళ్ళినకొద్దీ ఇప్ప చెట్లు కనబడతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. అది అందరికీ తెలిసిన సంగతి, దానితో కాచే సారా వలన చెడ్డ పేరు కూడా తెచ్చుకున్నది. దాని తరువాత వానలు మొదలయ్యే వేళకు కాయ పండి గింజ రాలుతుంది. ఆ గింజ గురించి పట్టణాలవారికి అంతగా తెలియదు. పై తోలు వలిచి, ఎండబెట్టి, గానుగ ఆడిస్తే పచ్చని నూనె వస్తుంది. చలికాలంలో నెయ్యిలాగ పేరుకుంటుంది.

కొండ ఊళ్ళలో ఇది వంట నూనె. మొదటిసారి తినేవారికి వాసన కొంచెము పట్టదు. బాగా కాచి, వాసన పోయేవరకు ఉంచి, అప్పుడు కూరకు వాడతారు. అదే నూనెను చలికాలంలో పెదవులకు, మడమలకు, పసిపిల్లల ఒంటికి పూస్తారు, దీపములో పోస్తారు. గట్టిపడే గుణము ఉండటం వలన సబ్బుల తయారీకి కూడా కొంటారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండ సరుకులతోపాటు ఇప్ప గింజలను కూడా కొంటూ వచ్చింది. నూనె తీయగా మిగిలిన చెక్కలో నురుగు వచ్చే పదార్థము ఉంటుంది. తల రుద్దుకోవడానికి అది కుంకుడుకాయకు బదులు. అదే చెక్కను వాగు మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలుతాయి. కాబట్టి పశువులకు పెట్టరాదు, పిల్లలకు అందనీయరాదు. ఒకే గింజలో నుండి తినే నూనె, తినకూడని చెక్క వేరుపడి వస్తున్నాయి. ఇటువంటిదే ఇంకా పెద్ద ఉదాహరణ పలాసలో ఉన్నది, అక్కడికి వస్తాము.

దారిలో కానుగ చెట్లు కూడా చాలా ఉన్నాయి. కానుగ నూనె గజ్జికి, తామరకు పూత. దీపానికి పనికివస్తుంది. నోట్లోకి పోకూడదు, చేదే కాదు విషము. పేరులో నూనె ఉన్నంత మాత్రాన తినేదని ఎవరూ అనుకోరాదు. ఈ మాట ఎందుకంటే, సహజమైనది కాబట్టి హాని చేయదు అనే మాట ఈ మధ్య పట్టణాల్లో మరీ ఎక్కువగా వినబడుతున్నది. కొండమీద అవ్వలు అలా అనరు.

తిరిగి నౌపడ వచ్చి ఉత్తరముగా బయలుదేరాము. పూండి దాటితే ఉద్దానము. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము వరకు కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనము అన్న మాటే ఉద్దానమైనదని చెబుతారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గరలోనే తీరము దాటింది. ఇరవై, ముప్పై ఏండ్ల కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేండ్లు పడుతుంది. మేము చూసిన తోటల్లో పాత చెట్ల మోడులు, వాటి మధ్య తరువాత నాటిన చెట్లు పక్కపక్కనే ఉన్నాయి.

కొబ్బరి నూనె గురించి తెలుగు ఇంటికి కొత్తగా చెప్పవలసినది తక్కువ. తొంభై పాళ్ళు గట్టి కొవ్వు కనుక 24 డిగ్రీలకు దిగితే పేరుకుంటుంది, కనరు వాసన తొందరగా పట్టదు. అందులో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లానికి కొన్ని సూక్ష్మజీవులను అణచే గుణము ఉన్నది. పొడి చర్మానికి, పసిబిడ్డ మర్దనకు అది తగినదే. ఒరిస్సా సరిహద్దులో కొందరు పసిపిల్లలకు ఆవనూనె మర్దన చేస్తారు. ఆవనూనెలోని ఘాటు లేత చర్మాన్ని గాయపరుస్తుందని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. నెల తక్కువ బిడ్డలకు అసలు వద్దు. వంటలో రోజూ కొబ్బరి నూనె ఒక్కటే వాడితే గుండెకు మంచిది కాదు. ఉద్దానమువారు చాలా వరకు కొబ్బరిని పచ్చడిగా, పాలుగా తింటారు, నూనెను ఒంటికే ఉంచుతారు.

ఇక పలాస. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళలో జీడిపప్పు తీసే కర్మాగారములు రెండు వందలకు పైగా ఉన్నాయని వ్యాపారులు చెబుతారు. స్టేషను నుండి బయటకు రాగానే కాలిన పిక్క వాసన ముక్కుకు తగులుతుంది.

జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిలు దేశము నుండి పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో తెచ్చారు. తెలుగువారు దానికి పేరు పెట్టిన తీరు చూడండి. మన అడవుల్లో నల్లజీడి అనే చెట్టు ఉన్నది. దాని కాయ రసముతో చాకలివారు బట్టలకు గుర్తు వేసేవారు, ఎన్ని ఉతుకులకూ పోదు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. కొత్త చెట్టు గింజలో అదే మంట, కాయ చూపులో మామిడి పోలిక. కాబట్టి జీడిమామిడి అన్నారు. తరువాత వృక్ష శాస్త్రజ్ఞులు కూడా ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. మామిడికాయ తొడిమ దగ్గర కారే సొన తగిలి పిల్లల మూతి పుండు పడటం మనమందరము చూసినదే, ఆ గుణము కుటుంబమంతటికీ ఉన్నది.

జీడి పిక్కలో రెండు నూనెలున్నాయి. లోపలి పప్పులో బరువులో సగానికి దగ్గరగా ఉండేది తినే నూనె. అందులో ఎక్కువ భాగము ఒలీవలో ఉన్నటువంటి ఓలియిక్ ఆమ్లమే. పప్పు ఖరీదు వలన దానిని పిండి నూనె తీసేవారు అరుదు. తీయనక్కర కూడా లేదు. ఎండాకాలంలో ఉద్దానంలో పచ్చి జీడిపప్పు కూర వండుతారు, అందులో నూనె చెంచాడు వేసినా కూర పైన తేట తేలుతుంది. పప్పు నూరి పులుసులో కలిపినా అంతే. నూనెను నూనెగా కొనకుండా గింజగా తినడమే పేదవారికి, డబ్బున్నవారికి కూడా మేలైన పద్ధతి. అయితే కొందరికి జీడిపప్పు పడదు. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడము వంటివి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అటువంటివారు పైన్ గింజలతో కూడా జాగ్రత్తగా ఉండాలి.

రెండవ నూనె పెంకులో ఉంటుంది. తేనెపట్టులాంటి గదుల్లో నల్లగా, జిగటగా. పెంకు బరువులో పావు వంతు వరకు అదే. అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ అనే పదార్థాలు చర్మాన్ని కాల్చేవి. అయితే అదే నూనె రంగులకు, వార్నీషులకు, మోటారు బండ్ల బ్రేకుల్లో వేసే పొడికి కావాలి. పడవ చెక్కలకు పూస్తే పురుగు పట్టదు. కాబట్టి పెంకును ఎవరూ పారవేయరు. నూనె మిల్లులవారు బస్తాల లెక్కన కొనుక్కుపోతారు.

ఉత్తరము వ్రాసిన అమ్మాయి తల్లిని పని దగ్గరే కలిశాము. చేతులు చూపమంటే మొదట నవ్వి కొంగు చాటు చేసుకున్నది. "సేతులేటి సూత్తారు బాబూ. పిక్క నూనిది. సబ్బుకి పోదు, సాచ్చికి పోదు" అన్నది. అరచేయి తారు పూసినట్లున్నది. బొటన వేలు, చూపుడు వేలు కొసల మీద తోలు పొరలు పొరలుగా లేచి ఉన్నది.

వెనుకటికి పిక్కలను డ్రమ్ములో కాల్చి, కర్రతో కొట్టి పప్పు తీసేవారు. పొగ ఊరంతా కమ్మేది. కాల్చినప్పుడు పెంకు నూనె కొంత మండిపోయేది. ఇప్పుడు చాలా చోట్ల ఆవిరిలో ఉడికిస్తున్నారు. పొగ తగ్గింది, పప్పు తెల్లగా వస్తున్నది. కాని పెంకులోని నూనె పెంకులోనే ఉంటుంది, కత్తి మిషను మీద పిక్కను రెండుగా చీల్చేటప్పుడు వేళ్ళకు అంటుతుంది. ఊరికి వచ్చిన మేలు చీల్చేవారి వేళ్ళకు రాలేదు. చీల్చిన తరువాత పప్పును బోర్మాలో ఎండబెట్టి, పొట్టు తీసి, గుండు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. పొట్టు తీసే గదిలోని ఆడవారి చేతులు మామూలుగానే ఉన్నాయి. బాధ అంతా పెంకు దగ్గరే. 80 కిలోల పిక్కల బస్తాలో పప్పు సుమారు నాలుగో వంతు, మిగిలినదంతా ఆమె వేళ్ళ మధ్య నుండి పోయే పెంకు.

పని మొదలు పెట్టేముందు వారు ఆముదమో కొబ్బరి నూనెయో అరచేతులకు పట్టించి, పైన బూడిద చల్లుకుంటారు. నూనె పొర పెంకు నూనెను చర్మము దాకా రానీయదు, బూడిద దానిని పీల్చుకుంటుంది. సాయంత్రము కడిగేటప్పుడు కూడా వరుస ఉన్నది. ముందు మళ్ళీ నూనె. నూనెకు నూనె కరుగుతుంది, నీటికి కరగదు. గుడ్డతో తుడిచి, తరువాతనే సబ్బు. ఇది తెలియని కొత్తవారు నేరుగా సబ్బుతో, ఇసుకతో రుద్ది పుండు చేసుకుంటారు. చాకలి సోడా మరీ చెడ్డది.

అమ్మాయి తెచ్చిన సీసాను ఆ తల్లి పది రోజులు రాత్రిళ్ళు రాసిందట. మెత్తగా ఉన్నదని చెప్పింది. నలుపు పోలేదు. పోదు కూడా, నలుపు పోవాలంటే ఆ తోలు ఊడి కొత్త తోలు రావాలి, అంతలో మళ్ళీ పిక్కలు. పగుళ్ళు మెత్తబడటానికి ఆముదము చాలు, జిగటగా ఉండి చేతికి ఎక్కువ సేపు అంటిపెట్టుకుంటుంది, రాత్రి పాత బట్ట చుట్టుకుని పడుకుంటే ఇంకా మంచిది. నీరు కారే పుండు మీద మాత్రము ఏ నూనె రాయరాదు, పైన్ కాని, ఇప్ప కాని. అది వైద్యునికి చూపవలసినది. కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి ఒక రోజు చూడాలి. ఆ బిడ్డ డబ్బు వృథా చేసిందని మేమనము. సగము మిగిలిన సీసాను వేడి అన్నంలో పప్పుతో కలుపుకుని నెలలోపు తినివేయమని చెప్పాము.

చేతి తొడుగుల సంగతి అడిగాము. ఆ కర్మాగారంలో ఇస్తున్నారు, ఒక గుంజకు వేలాడుతున్నాయి. వేసుకున్నవారు తక్కువ. కూలి కిలో లెక్క. తొడుగు వేసుకుంటే పిక్క వేళ్ళకు తెలియదు, చీలిక దగ్గర పప్పు విరుగుతుంది, విరిగితే గుండు బద్ద అవుతుంది, లెక్క తగ్గుతుంది. కొందరు ఉపాయము చేశారు. తొడుగు వేళ్ళ కొసలు కత్తెరతో కత్తిరించి, అరచేయి వరకు కప్పుకుని, బయటికి వచ్చిన మూడు వేళ్ళ కొసలకు మాత్రము ఆముదము ముంచుకుని కూర్చుంటున్నారు. రోజుకు దోసెడు ఆముదము ఖర్చు. అది కర్మాగారము వారు ఇస్తారా అని అడిగితే, "నూని మాదే బాబూ, బూడిది ఆలది" అన్నది మిషను మీద ఉన్న ఒక పడుచు, తల ఎత్తకుండానే.